క్రెడిట్ ఎవరి పేరు మీద?

మొన్నామధ్య ఓ శనివారం నాలుగు కుటుంబాలం కలిసి భోంచేస్తూంటే, యథాప్రకారం మాటలు రాజకీయాల్లోకి దిగాయి. (పది మంది తెలుగువాళ్ళు ఒకచోట చేరి అరగంటైనా రాజకీయాలు రాలేదంటే, ఎవరికో ఒంట్లో బాగాలేదనే లెక్క.) ఎవరో నాయకుడు పోతే ఆయన సీటు భార్యకిచ్చారన్న పాత సంగతేదో వచ్చింది. నేను కూడా ఓ ముక్క పడేశాను. "ఆవిడకేం తెలుసండీ రాజకీయం! అంతా సానుభూతి ఓటు" అని. అందరూ తలలూపారు.

మా ఆవిడ మాత్రం పప్పు గిన్నె కింద పెట్టి, "ఆవిడకి తెలీదని మీకెవరు చెప్పారు? ఆయన ఊళ్ళో లేనప్పుడు ఇంటికొచ్చిన జనానికి సమాధానం చెప్పిందెవరు?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఏదో జోకేసి తప్పించుకున్నాను గానీ, ఆ ప్రశ్న పట్టుకుని ఇంటిదాకా వచ్చింది. రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది, ఇలాంటి ప్రశ్నే కొన్నేళ్ళ క్రితం మా ఇంటికి ఉత్తరం రూపంలో వచ్చిందని.

మా ఆవిడ హెచ్4 వీసా మీద వచ్చింది. అపార్ట్‌మెంట్ లీజు, కారు లోను, కరెంటు, క్రెడిట్ కార్డులు అన్నీ నా పేరు మీదే. కట్టేది మాత్రం తనే. ఎక్సెల్ షీట్‌లో ఏ బిల్లు ఎప్పుడు కట్టాలో రాసుకుని, ఏళ్ళ తరబడి ఒక్క డ్యూ డేట్ తప్పకుండా కట్టింది. 2015లో హెచ్4 వాళ్ళలో కొందరికి పని అనుమతి ఇచ్చే నిబంధన వచ్చాక తనూ ఉద్యోగంలో చేరింది. తర్వాత సొంతంగా ఓ క్రెడిట్ కార్డుకి అప్లై చేస్తే, తగినంత క్రెడిట్ హిస్టరీ లేదని తిరగ్గొట్టారు. అప్పటికి నా స్కోరు 800 దాటింది. డేట్లు తప్పకుండా కట్టింది ఆవిడ, స్కోరు వచ్చింది నాకు!

ఆ ఉత్తరం చివర చిన్న అక్షరాల్లో ఒక పేరా ఉంటుంది. ఈ దేశంలో ఎప్పుడైనా అప్పు తిరస్కరించబడ్డవాళ్ళందరికీ అది వచ్చే ఉంటుంది. లైసెన్స్ అగ్రిమెంట్ లాగా ఎవరూ చదవరు. సమాన రుణ అవకాశ చట్టం కింద ఫలానా ఫలానా కారణాల మీద వివక్ష చూపకూడదు అని ఓ జాబితా. అందులో రెండు మాటలు, సెక్స్, మారిటల్ స్టేటస్. అంటే ఆడా మగా అన్నదీ, పెళ్ళయిందా లేదా అన్నదీ అప్పుకి అడ్డు రాకూడదని. ఆ రెండు మాటలు అక్కడికెలా వచ్చాయో వెతుక్కుంటూ వెళ్తే దొరికిన పేరు లిండీ బాగ్స్. నేను "ఆవిడకేం తెలుసు" అన్న కోవలోకే వచ్చే మనిషి. భర్త పోతే ఆయన సీట్లోకి వచ్చిన భార్య.

లిండీ 1916లో లూసియానాలో ఒక ప్లాంటేషన్ కుటుంబంలో పుట్టింది. అసలు పేరు మేరీ కొరిన్ మారిసన్ క్లైబోర్న్. ఆ రాష్ట్రపు మొదటి గవర్నర్ ఇంటిపేరు కూడా క్లైబోర్నే. న్యూ ఆర్లియన్స్‌లోని టులేన్ విశ్వవిద్యాలయానికి చెందిన న్యూకూంబ్ కాలేజీలో చదివి 1935లో పట్టా తీసుకుంది. హేల్ బాగ్స్ పరిచయమయింది అక్కడి విద్యార్థుల పత్రికలోనే. కొన్నాళ్ళు బళ్ళో చరిత్ర పాఠాలు చెప్పింది, ఆడపిల్లలకి బాస్కెట్‌బాల్ నేర్పింది. 1938లో పెళ్ళి. 1940లో హేల్ ప్రతినిధుల సభకి ఎన్నికయ్యాడు. అప్పటికి అతనికి 26 ఏళ్ళు, సభలో అందరికన్నా చిన్నవాడు. 1942లో ఓడిపోయి, 1946లో మళ్ళీ గెలిచి, ఇక చివరిదాకా ఆ సభ ఎన్నికల్లో ఓడలేదు. 1962లో పార్టీ విప్, 1971లో మెజారిటీ లీడర్. సభలో స్పీకర్ తర్వాత పెద్ద పదవి అది.

ఇదంతా హేల్ రెజ్యూమె. మరి ఆవిడ రెజ్యూమె ఏది?

వాషింగ్టన్ వెళ్ళిన కొత్తలో జరిగిన ఒక సంగతి ఆవిడ తన ఆత్మకథలో చెప్పుకుంది. 1941లో, యుద్ధంలో ఉన్న బ్రిటన్‌కి ఆయుధాలిచ్చే బిల్లు మీద కమిటీలో వాదోపవాదాలు జరుగుతున్నాయి. హేల్ రమ్మంటే ఉన్నపళంగా, మామూలు బట్టల్లో పరిగెత్తింది. తలుపు దగ్గర ఉద్యోగి ఈవిడ కాంగ్రెస్ సభ్యుడి భార్యంటే నమ్మలేదు, లోపలికి పోనివ్వలేదు. లిండీ గొడవ పడలేదు. ఇంటికెళ్ళి మంచి నల్ల సూటు వేసుకుని, టోపీకి ఊదారంగు మేలిముసుగు తగిలించుకుని, దర్జాగా తిరిగొచ్చి తనెవరో చెప్పింది. ఈసారి అదే ఉద్యోగి దారిచ్చాడు. 1994లో అచ్చయిన ఆ పుస్తకం పేరే ఊదారంగు ముసుగులోంచి వాషింగ్టన్ అన్న అర్థం వచ్చేలా పెట్టుకుంది.

నాకీ కథ నచ్చింది, కానీ కొంచెం బాధగానూ అనిపించింది. మనిషి అదే, తెలివి అదే. మారింది ముసుగు. అప్పట్లో "ఫలానావారి భార్య" అన్నదే ఆడవాళ్ళకి లాగిన్ ఐడీ. ఆవిడ ఆ లాగిన్‌తోనే మొత్తం సిస్టమ్ నేర్చుకుంది.

భర్త ఎన్నికల ప్రచారాలు నడిపింది ఆవిడ. న్యూ ఆర్లియన్స్‌లో నియోజకవర్గం పనులు, వాషింగ్టన్‌లో ఆఫీసు పనులు చూసింది. 1958లో డెమొక్రటిక్ పార్టీ జాతీయ మహిళా క్లబ్బుకి అధ్యక్షురాలయింది. కెనెడీ, జాన్సన్ ప్రమాణ స్వీకారాలప్పటి (1961, 1965) సంబరాల ఏర్పాట్లలో పెద్ద బాధ్యత ఆవిడదే. సంబరాలంటే పూలదండలు కట్టడం అనుకునేరు. ఎవర్ని పిలవాలి, ఎవర్ని ఎవరి పక్కన కూర్చోబెట్టాలి, ఎవరికి కోపం రాకుండా చూడాలి, ఇదంతా రాజకీయమే. మనింట్లో ఒక్క పెళ్ళికి శుభలేఖలు పంచిన ఎవరినడిగినా చెప్తారు ఆ కష్టమేమిటో :)

అన్నిటికన్నా కష్టమైన పని 1964 అక్టోబరులో పడింది. అంతకు మూడు నెలల ముందే పౌరహక్కుల చట్టం వచ్చింది. దక్షిణాది రాష్ట్రాల్లో తెల్లవాళ్ళు అధ్యక్షుడు జాన్సన్ మీద మండిపోతున్నారు. అలాంటప్పుడు ఆయన భార్య లేడీ బర్డ్ రైలెక్కి 4 రోజుల పాటు 8 రాష్ట్రాల గుండా న్యూ ఆర్లియన్స్ దాకా ప్రచారం చేసింది. కొన్ని ఊళ్ళలో జనం అరుపులు, ఎగతాళి. ఆ రైల్లో లిండీ కూడా ఉంది. హేల్ సంగతి చూస్తే, ఆయన 1956లో బళ్ళలో నల్లవాళ్ళనీ తెల్లవాళ్ళనీ కలపడాన్ని వ్యతిరేకించే దక్షిణాది ప్రకటన మీద సంతకం పెట్టినవాడు. 1964 చట్టానికీ వ్యతిరేకంగానే ఓటేశాడు. 1965లో ఓటు హక్కు చట్టానికి మాత్రం సభలో మాట్లాడి మరీ అనుకూలంగా ఓటేశాడు. మార్పు వచ్చింది, కానీ ఆలస్యంగా వచ్చింది. ఆ ఇంటి చరిత్రలో ఇదీ ఉంది, దాచాల్సిన పని లేదు.

1972 అక్టోబరు 16న హేల్, అలాస్కా సభ్యుడు నిక్ బెగిచ్ తరఫున ప్రచారానికి వెళ్ళి, యాంకరేజ్ నుంచి జూనో వెళ్ళే చిన్న విమానం ఎక్కాడు. నలుగురు మనుషులు. ఆ విమానం గమ్యం చేరలేదు. 39 రోజులు వెతికారు. ఇవాళ్టికీ ఆచూకీ లేదు. విచిత్రమేమిటంటే, ఆచూకీ లేని ఆ రోజుల్లోనే, నవంబరు ఎన్నికల్లో ఇద్దరూ గెలిచారు! 1973 జనవరిలో సభ ఆ సీటు ఖాళీ అని ప్రకటించింది. మార్చి 20న ఉప ఎన్నిక. లిండీ 80 శాతానికి పైగా ఓట్లతో గెలిచి, లూసియానా నుంచి ప్రతినిధుల సభకి ఎన్నికైన మొదటి మహిళ అయింది.

ఇది చదువుతూంటే మీకు గుర్తొచ్చేది నాకూ గుర్తొచ్చింది. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారు కృష్ణా జిల్లా కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. ఆ ఏడే అమలాపురం ఉప ఎన్నికలో ఆయన భార్య విజయకుమారి గారు ఎంపీ అయ్యారు. 2009 సెప్టెంబరు 2న నల్లమలలో వైఎస్ హెలికాప్టర్ కనిపించకుండా పోయిన ఆ రాత్రి టీవీల ముందు కూర్చోని తెలుగువాడు లేడు. తర్వాత పులివెందుల నుంచి విజయమ్మ గారు అసెంబ్లీకి వెళ్ళారు. ఈ నాయకులంటే, ఈ పార్టీలంటే మీకు ఇష్టం ఉండొచ్చు, ఉండకపోవచ్చు, నా గోల అది కాదు. మనం ఈ కథలన్నీ ప్రమాదం దగ్గర మొదలెట్టి సానుభూతి దగ్గర ముగిస్తాం. ఆ ఇంటి ఆడవాళ్ళ జీవితం ఆ రోజే మొదలైనట్టు, అంతకు ముందు ఆ ఇంట్లో వాళ్ళు గోడకి పటాల్లా ఉన్నట్టు.

సరే, ఎదురువాదన కూడా చూద్దాం, ఎందుకంటే నాకూ అందులో సగం నిజమే అనిపిస్తుంది. ఒకటి, ఇది వారసత్వమే. లూసియానాలో రాజకీయం ఇంతకన్నా బాగా తెలిసిన ఆడవాళ్ళు ఇంకెంతమంది ఉన్నారో! వాళ్ళెవరికీ పెద్ద నాయకుడు మొగుడు కాలేదు కాబట్టి తలుపు తెరుచుకోలేదు. రెండు, ఆడది చట్టసభకి రావాలంటే మొగుడు చావాలా? అదేం దారి? ఈ దారిని మెచ్చుకోమని నేననట్లేదు. ఉన్న ఒక్క సందులోంచి వచ్చిన మనిషిని "సందులోంచి వచ్చింది" అని వెక్కిరించడం మాత్రం అన్యాయం అంటున్నాను. తలుపేసింది ఆవిడ కాదు కదా!

పైగా ఇంటిపేరుతోనే అన్నీ వచ్చేస్తాయన్నది కూడా నిజం కాదు. వాళ్ళబ్బాయి టామీ 1970లో మేరీలాండ్‌లో కాంగ్రెస్‌కి నిలబడి ఓడిపోయాడు, తర్వాత వాషింగ్టన్‌లో పేరున్న లాబీయిస్టయ్యాడు. పెద్దమ్మాయి బార్బరా ప్రిన్స్‌టన్ మేయరయింది గానీ, 1982లో సెనేట్ టికెట్టు కోసం ప్రయత్నించి గెలవలేకపోయింది. చిన్నమ్మాయి కోకీ రాబర్ట్స్ అసలు రాజకీయాల జోలికే పోకుండా రేడియో, టీవీ జర్నలిస్టుగా పేరు తెచ్చుకుంది. న్యూ ఆర్లియన్స్‌లో లిండీకి పడిన ఓట్లలో సానుభూతి లేదనను. కానీ 1984లో సానుభూతి ఎక్కడుంది? అప్పటికి హేల్ పోయి పన్నెండేళ్ళు. కోర్టు తీర్పు తర్వాత హద్దులు మార్చితే ఆ నియోజకవర్గంలో నల్లవాళ్ళు ఎక్కువమంది అయ్యారు. పోటీగా పేరున్న నల్లజాతి న్యాయమూర్తి నిలబడ్డాడు. అయినా ఆవిడే గెలిచింది. 1991 జనవరిలో తనంతట తాను తప్పుకునేదాకా, దాదాపు 18 ఏళ్ళు, ఒక్క ఎన్నికా ఓడలేదు.

ఈ మధ్యలో 1976లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో డెమొక్రటిక్ పార్టీ జాతీయ మహాసభ జరిగింది. జిమ్మీ కార్టర్‌ని అభ్యర్థిగా ఎన్నుకున్న సభ. దానికి అధ్యక్షత వహించింది లిండీ. అమెరికాలో ఒక ప్రధాన పార్టీ మహాసభని ఒక మహిళ నడిపించడం అదే మొదలు. 1941లో కమిటీ గది తలుపు దగ్గర ఆపేశారే, ఆ మనిషే!

ఇక అసలు సంగతి, ఆ రెండు మాటలు. 1974. ఆవిడ సభలో అడుగుపెట్టి ఇంకా రెండేళ్ళు కూడా కాలేదు. బ్యాంకింగ్ కమిటీలో జూనియర్. ఆ రోజుల్లో పెళ్ళికాని అమ్మాయి అప్పుకెళ్తే మగవాడి సంతకం తెమ్మనేవాళ్ళు. పెళ్ళయిన ఆవిడ వెళ్తే, రేపు పిల్లలు పుడితే ఉద్యోగం మానేస్తుందని ఆవిడ జీతాన్ని సగమే లెక్కేసేవాళ్ళు. భర్త పోతేనో, విడాకులిస్తేనో అప్పటిదాకా ఉన్న కార్డు కూడా పోయేది. హిస్టరీ అంతా ఆయన పేరు మీదే ఉండేది మరి. అప్పులిచ్చేచోట ఎవరి మీద వివక్ష చూపకూడదో చెప్పే ముసాయిదా కమిటీ ముందుకొచ్చింది. అందులో ఆడవాళ్ళ మాట లేదు. లిండీ ఆ కాయితం తీసుకుని, ఆ రెండు మాటలు చేత్తో రాసి, పక్క గదిలోకెళ్ళి జిరాక్సులు తీయించి, సభ్యులందరికీ పంచింది. పంచి ఎంతో నెమ్మదిగా, మీరంతా నాకు బాగా తెలిసినవాళ్ళు, ఇది పొరపాటున వదిలేసి ఉంటారు, మీకేం అభ్యంతరం ఉండదనుకుంటాను అన్న అర్థంలో ఓ మాట చెప్పింది. ఎవరికీ నోరు పెగల్లేదు. ఏకగ్రీవంగా ఆమోదించారు. 1974 అక్టోబరు 28న అధ్యక్షుడు ఫోర్డ్ సంతకంతో చట్టమయింది. 1976 సవరణతో జాతి, రంగు, మతం, పుట్టిన దేశం, వయసు లాంటివి కూడా చేరాయి. పుట్టిన దేశం మాట పరాయి దేశంలో బతుకుతున్న మనకి ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

క్రెడిట్ గురించి మాట్లాడుతూ క్రెడిట్ మొత్తం ఒక్కరికే ఇస్తే నవ్వుతారు. బెల్లా అబ్జుగ్ లాంటి సభ్యులు, ఎన్నో మహిళా సంఘాలు అంతకు ముందు నుంచే దీని కోసం పోరాడుతున్నారు. వాళ్ళు లేకపోతే ముసాయిదాయే లేదు. కానీ ఆ గదిలో ఆ క్షణాన పని జరిగింది ఎలాగో చూడండి. "మీరంతా నాకు బాగా తెలిసినవాళ్ళు" అన్నది మర్యాద కోసం అన్న మాట కాదు. ముప్పై ఏళ్ళకి పైగా ఆ ఊళ్ళో ఉండి, వాళ్ళ భార్యల సంఘాలు నడిపి, వాళ్ళని ఇంటికి పిలిచి వడ్డించిన మనిషి ఆవిడ. ఎవరు ఏ మాటకి అడ్డం తిరుగుతారో, ఏ మాటకి మొహమాటపడతారో ఆవిడకి అంతకు ముందే తెలుసు. కొత్తగా వచ్చిన సభ్యుడు ఎవరైనా అదే పని చేసుంటే పాయింట్ ఆఫ్ ఆర్డర్ లేచేది. ఆవిడకి లేవలేదు. నేను భోజనాల దగ్గర "ఆవిడకేం తెలుసు" అన్నాను కదా.. ఇదీ తెలుసు.

మనం ఆఫీసులో రోజూ చూసేదే ఇది. కోడంతా ఒకడు రాస్తాడు, చెక్ ఇన్ ఇంకొకడి ఐడీతో అవుతుంది. ఏడాది చివర అప్రైజల్లో మేనేజరు లాగ్ చూసి వాడికి ప్రమోషనిస్తాడు. మనం క్యాంటీన్లో కూర్చుని "క్రెడిట్ కొట్టేశాడ్రా" అని ఏడుస్తాం. అదే మన ఇంట్లో జరిగితే దానికి కుటుంబం అని పేరు. లిండీ ఎన్నికల్లో నిలబడతానన్నప్పుడు లేడీ బర్డ్ సరదాగా, భార్య లేకుండా ఎలా నెట్టుకొస్తావు అని అడిగిందట. ఆ మాటకి నవ్వొస్తుంది. తర్వాత ఆలోచిస్తే, అది వాళ్ళిద్దరికే తెలిసిన నిజం. ఆ పదవిలో ఇద్దరు మనుషుల పని ఉంది, పేరు మాత్రం ఒకరిదే.

ఆ ఉత్తరం వచ్చిన రోజు నాకు తెలిసిన ఇంకో ముక్క చెప్పి ముగిస్తాను. ఆ చట్టం కింద ఉన్న నిబంధనల ప్రకారం, భార్యాభర్తలిద్దరూ వాడే ఖాతా అయితే, ఆ వివరాలు క్రెడిట్ బ్యూరోలకి పంపేటప్పుడు ఇద్దరి పేర్ల మీదా పంపాలి. నా కార్డు మీద మా ఆవిడ పేరు చేర్చి ఉంటే చాలు, తను కట్టిన ప్రతి నెలా తన పేరు మీద కూడా పడేది. సోషల్ సెక్యూరిటీ నంబరు లేని రోజుల్లో ఏమోగానీ, అది చేతికొచ్చాక కూడా రెండేళ్ళు నాకా పని చెయ్యాలని తోచలేదు. బద్ధకం కాదు, అసలు ఆలోచనే రాలేదు. చట్టం 1974 నుంచీ ఉంది. అడ్డుపడింది కార్డు కంపెనీ కాదు, నేనే.

లిండీ తర్వాత 1997 నుంచి 2001 దాకా వాటికన్‌లో అమెరికా రాయబారిగా పనిచేసి, 2013 జులైలో 97 ఏళ్ళ వయసులో పోయింది. కాపిటల్ భవనంలో మహిళా సభ్యులు కూర్చునే గదికి 1991లోనే ఆవిడ పేరు పెట్టారు. ఆ భవనంలో ఒక గదికి ఆడమనిషి పేరు పెట్టడం అదే మొదలు. హేల్ భార్య అని కాదు, లిండీ క్లైబోర్న్ బాగ్స్ అని, పుట్టింటి పేరుతో సహా.

మీరు పెళ్ళయినవాళ్ళయితే ఇవాళ ఓసారి లాగినై చూడండి. లీజు, లోను, కార్డులు, ఊళ్ళో కొన్న ఫ్లాటు.. ఏవి ఎవరి పేరు మీదున్నాయో, వాటిని నిజంగా చూసుకుంటున్నది ఎవరో. నేను చూసి, మార్చాల్సినవి మార్చాను. మా ఆవిడతో ఆ మాటే చెప్తే, "ఎక్సెల్ షీటు కూడా మీ పేరు మీదకి మార్చుకోండి, వచ్చే నెల నుంచి బిల్లులు మీరే కడుదురు గానీ" అంది. అదింకా చర్చల దశలో ఉంది.